బాబ్ డిలన్ "బ్లడ్ ఆన్ ద ట్రాక్స్": న్యూయార్కా, మినియాపొలిసా?

రాత్రిపూట_రేడియో (విజయవాడ)
అందరికీ నమస్తే. నాకు 26. ఇంగ్లీషు పాటలంటే ఇన్నాళ్ళూ జిమ్‌లో పెట్టేవే విన్నా. పోయిన నెల మా ఆఫీసులో ఒకాయన "బ్లడ్ ఆన్ ద ట్రాక్స్" వినమన్నాడు, అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌ది, 1975లో వచ్చిన ఆల్బమ్. మొదటిసారి మూడో పాటకే ఆపేశా, అబద్ధం ఎందుకు. గొంతంతా ముక్కులోంచి వస్తోంది, పల్లవి ఎప్పుడొస్తుందా అని చూస్తే రాదు, చరణాలు మాత్రం గూడ్సు బండి పెట్టెల్లా వస్తూనే ఉంటాయి. తర్వాత రెండ్రోజులకి ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే "సింపుల్ ట్విస్ట్ ఆఫ్ ఫేట్" ట్యూను దానంతటదే నోట్లోకి వచ్చేసింది. అప్పట్నుంచి రోజూ అదే.

మూడు సందేహాలు. యూట్యూబ్‌లో ఇవే పాటలు ఇంకో రకంగా ఉన్నాయి, డ్రమ్స్ లేకుండా, ఒక్క గిటార్‌తో. ఏది అసలుది? ఇదంతా పెళ్ళాంతో గొడవ గురించేనా? ఇంకోటి, గిటార్ కొని ఆర్నెల్లయింది, వేళ్ళు కాయలు కాశాయి గానీ ఆ రికార్డులో ఉన్న మోత మాత్రం నాకు రావట్లేదు. ఏం చెయ్యాలి?

పాతక్యాసెట్టు (హైదరాబాద్)
బాబూ, మూడో పాటకి ఆపావంటే మంచి వినికిడే. నేను 1981లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న క్యాసెట్‌ని మొదటిరోజే మా రూమ్మేట్‌కి ఇచ్చేశాను, వాడు బతిమాలినా తిరిగి తీసుకోలేదు. మళ్ళీ ఎనిమిదేళ్ళకి నేనే కొనుక్కున్నా, అదీ మూడింతలు పెట్టి.

నీ మొదటి ప్రశ్నకి జవాబు: రెండూ అసలువే. 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో మొత్తం పది పాటలూ రికార్డు చేశాడు. ఏ&ఆర్ స్టూడియోలో, ఇంజనీరు ఫిల్ రమోన్. ఆ గది ఒకప్పుడు కొలంబియా వాళ్ళ స్టూడియో, డిలన్ కుర్రాడిగా మొదటి రికార్డులు చేసింది అక్కడే. కంపెనీ మారి, అసైలమ్ అనే ఇంకో రికార్డు కంపెనీకి పోయి, మళ్ళీ కొలంబియాకి తిరిగొచ్చి, అదే గదిలో కూర్చున్నాడన్నమాట. టెస్ట్ ప్రెస్సింగ్ (విడుదలకి ముందు తీసే నమూనా రికార్డు) కూడా అయిపోయింది, కవరు అచ్చయింది. అప్పుడు క్రిస్‌మస్‌కి మినెసోటా వెళ్ళి తమ్ముడు డేవిడ్‌కి వినిపించాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి, కొన్ని మళ్ళీ చెయ్యి అని తమ్ముడు అన్నాడని చెప్తారు. డిసెంబరు 27న, 30న, రెండే రోజుల్లో, మినియాపొలిస్‌లో ఐదు పాటలు మళ్ళీ కొట్టాడు. 1975 జనవరి 20కి రికార్డు షాపుల్లో ఉంది. మొత్తం సగం అక్కడిది, సగం ఇక్కడిది. నువ్వు యూట్యూబ్‌లో విన్నవి పక్కన పెట్టేసిన న్యూయార్క్ పాటలు.

తిట్లదండకం
మళ్ళీ మొదలైంది డిలన్ భజన. 51 నిమిషాల రికార్డులో వాయిద్యం పొరపాట్లు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలవు. నేను కాదు, అప్పట్లో రోలింగ్ స్టోన్ పత్రికలో జాన్ లాండౌ కూడా అదే రాశాడు, రికార్డింగ్ ఎప్పట్లాగే నాసిరకంగా ఉందని. ఇంగ్లండులో నిక్ కెంట్ అయితే ప్రాక్టీసు చేస్తున్నట్టుంది అన్నాడు. మనవాడైతే "ఇంకో టేక్ తీసుకో నాయనా" అనేవాళ్ళం, అమెరికావాడు కాబట్టి కళాఖండం.

ఆరుతీగలు (విశాఖ)
తిట్లు గారూ, పొరపాట్లు ఉన్న మాట నిజమే. న్యూయార్క్ టేకుల్లో కోటు గుండీలు గిటార్‌కి తగిలి టకటకమంటాయి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తెలుస్తుంది. ఎవరైనా ఆపి, సార్ ఆ కోటు విప్పండి అనాలిగా. అనలేదు. నేను పిల్లలకి గిటార్ నేర్పుతాను, నా క్లాసులో అలా వాయిస్తే ఒప్పుకోను. కానీ ఆ గుండీల చప్పుడు తీసేసి ఇస్తానంటే నాకొద్దు.

రేడియో తమ్ముడూ, నీ మూడో ప్రశ్న నాది. నీకు ఆ మోత రాకపోవడానికి కారణం నీ వేళ్ళు కావు, శ్రుతి. న్యూయార్క్ పాటలు మామూలు శ్రుతిలో లేవు. ఓపెన్ డి అంటారు. ఆరో తీగ డి, ఐదోది ఏ, నాలుగోది డి, మూడోది ఎఫ్ షార్ప్, రెండోది ఏ, ఒకటోది డి. అంటే నాలుగు తీగలు దించాలి, రెండింటిని ముట్టుకోకూడదు. ఏమీ నొక్కకుండా మీటినా పూర్తి కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మోగుతుంది, తంబూరాలాగా అనుకో. రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెడితే రికార్డు శ్రుతికి దగ్గరికి వస్తావు. దగ్గరికి అని ఎందుకంటున్నానంటే, ఆల్బమ్‌లో న్యూయార్క్ పాటల వేగం రెండు మూడు శాతం పెంచారు, అందుకే నీ గిటార్ వాటితో ఇంచుమించు కలిసినట్టే ఉండి కలవదు. నేను ఇది తెలియక ఒక వేసవంతా నా చెవుల్ని తిట్టుకున్నాను. 2018లో వచ్చిన "మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్" సీడీల పెట్టెలో అసలు వేగంతో ఉన్నాయి, వాటితో సాధన చెయ్యి.

నెట్‌లో కొందరు నేరుగా ఓపెన్ ఈ పెట్టమంటారు. వద్దు. దానికి మూడు తీగలు పైకి బిగించాలి, కొత్తవాడివి, తెంపుకుంటావు.

రాత్రిపూట_రేడియో (విజయవాడ)
అన్నా ఈ ఒక్క సమాధానానికి నేను నెలంతా యూట్యూబ్ చూశాను 🙏

కవిత్వపుపిచ్చి (తెనాలి)
రెండో ప్రశ్నకి నేను వస్తాను. పెళ్ళాంతో గొడవ గురించేనా అంటే, ఆయనా, భార్య సారా అప్పటికి దూరమవుతున్నారు, 1977లో విడాకులయ్యాయి, కాబట్టి లోకం అలాగే విన్నది. ఆయన మాత్రం ఒప్పుకోడు. 2004లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకం "క్రానికల్స్"లో ఒక ఆల్బమ్ మొత్తం రష్యన్ రచయిత చెహోవ్ కథల మీద చేశానని, విమర్శకులు దాన్ని నా సొంత కథ అనుకున్నారని రాశాడు. ఏ ఆల్బమో పేరు చెప్పలేదు, కానీ అందరి చూపూ దీని మీదే పడింది. అంతకు ముందు, 1975లోనే, గాయని మేరీ ట్రావర్స్ రేడియోలో ఈ ఆల్బమ్ చాలా నచ్చింది అంటే, అలాంటి బాధని జనం ఎలా ఇష్టపడతారో నాకు అర్థం కాదు అన్నాడు. ఒకచోట చెహోవ్, ఒకచోట బాధ. రెండూ ఆయన మాటలే.

నాకు మాత్రం సొంత కథా కాదా అన్నదాని కంటే సర్వనామాలు ఎక్కువ ఆసక్తి. "టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ" న్యూయార్క్ టేక్ వినండి, పొద్దున్నే మంచం మీద పడుకుని ఉన్నది "అతను". మినియాపొలిస్‌కి వచ్చేసరికి అదే మంచం మీద "నేను". 1984 లైవ్ రికార్డులో మళ్ళీ "అతను" అయిపోతాడు. తెలుగులో ఇలా మార్చాలంటే క్రియ కూడా మారాలి, పడుకున్నాడు, పడుకున్నాను, వాక్యం చివరిదాకా ఎవరి గొడవో దాచడం మనకి కుదరదు. ఇంగ్లీషులో ఒక్క మాట తీసి ఇంకోటి పెడితే చాలు, మనిషి తప్పించుకుపోతాడు.

ఇది ఊరికే వచ్చింది కాదు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో నార్మన్ రేబెన్ అనే పెద్దాయన దగ్గర బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నాడు. యిడ్డిష్ కథకుడు షోలెమ్ అలైఖెమ్ కొడుకాయన. నిన్న, ఇవాళ, రేపు ఒకే బొమ్మలో ఉన్నట్టు చూడడం అక్కడే పట్టుబడిందని డిలన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. పాటలో ఒక చరణంలో పెళ్ళయి ఉంటుంది, ఇంకో చరణంలో అప్పుడే పరిచయం అవుతున్నట్టుంటుంది. ఎవరు ముందో ఎవరు తర్వాతో, ఒకే అమ్మాయో ముగ్గురో తెలియదు. పేపరు మీద వరస వేసి చూశాను ఒకసారి, క్లాసులో ఇన్విజిలేషన్ డ్యూటీ చేస్తూ. కుదరలేదు.

తిట్లదండకం
కుదరకపోతే గొప్ప, కుదిరితే సాదా. బాగుంది అక్కా లెక్క.

కవిత్వపుపిచ్చి (తెనాలి)
తమ్ముడూ నువ్వు ఒక్కసారి "ఇడియట్ విండ్" విను, నీ పేరుకి తగిన పాట అది. దాదాపు ఎనిమిది నిమిషాలు తిట్టే తిట్టు.

అసలు ఆ పేరు తెలుగులోకి ఎంత బాగా వస్తుందో చూడండి. "టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ" రానే రాదు, మనకి నీలం అంటే కృష్ణుడు, ఆకాశం, బట్టలకి పెట్టే నీలిమందు, అంతేగానీ దిగులు కాదు. ఆల్బమ్ పేరే తీసుకోండి, పట్టాల మీద నెత్తురు అంటే పేపర్లో జిల్లా ఎడిషన్ వార్తలా ఉంటుంది, ఇంగ్లీషులో పాట అనే అర్థం, అడుగుజాడ అనే అర్థం ఎగిరిపోతాయి. కానీ ఇడియట్ విండ్ మాత్రం పిచ్చిగాలి. ఆ పాట మొదలయ్యేదే తన మీద పత్రికల్లో ఎవరో కథలు పుట్టిస్తున్నారన్న గోలతో. గాలివార్తలు, గాలికబుర్లు, గాలిమాటలు అని మనం ఎప్పట్నుంచో అంటున్నదే. ఈ ఒక్క పాటకి తెలుగు మూలభాషలా అనిపిస్తుంది నాకు.

పాతక్యాసెట్టు (హైదరాబాద్)
గాలి సంగతి ఇంతకాలం నాకు తట్టలేదమ్మా. నిజమే.

న్యూయార్క్ ఇడియట్ విండ్ వింటే అందులో కోపం లేదు, నీరసం ఉంది. పాల్ గ్రిఫిన్ ఆర్గన్ వెనకాల ఎక్కడో మోగుతుంటుంది, ఈయన పక్కగదిలో ఎవరికో వినపడకూడదన్నట్టు పాడతాడు. మినియాపొలిస్‌లో అదే పాటని గేటు దగ్గర నిలబడి వీధి వీధంతా వినేట్టు పాడాడు. మాటలూ మార్చాడు. చివరికొచ్చేసరికి, నువ్వు మూర్ఖురాలివి అంటున్నవాడు మనిద్దరం మూర్ఖులమే అంటాడు చూడండి, అరిచి అరిచి గొంతు పోయాక ఆ "మనిద్దరం" వస్తే ఒకలాగుంటుంది, మొదట్నుంచీ ఏడుస్తూ వచ్చినవాడు అంటే ఇంకోలాగుంటుంది. నాకు ముప్పై ఏళ్ళ వయసులో అరుపు నచ్చింది. ఇప్పుడు నీరసం నచ్చుతోంది. బీపీ మాత్రల వల్ల కావచ్చు.

జంటనగరాల_వాసి (మినియాపొలిస్)
ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇప్పుడే తెల్లారింది. ముందు నా పేరు సంగతి, సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగా, పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా. మినియాపొలిస్, సెయింట్ పాల్ ఊళ్ళని కూడా ట్విన్ సిటీస్ అనే అంటారు. ఒక జంటనగరాల నుంచి ఇంకో జంటనగరాలకి పడ్డాను.

న్యూయార్క్ గొప్పదని అందరూ అంటున్నారు కాబట్టి మా ఊరి తరఫున వకాల్తా నాది. ఆ రెండు రోజులు వాయించింది ఎవరో తెలుసా? పేరున్న వాళ్ళెవరూ కాదు. డిలన్‌కి పాతకాలపు చిన్న మార్టిన్ గిటార్ కావాల్సి వచ్చింది. తమ్ముడు డేవిడ్ కెవిన్ ఓడెగార్డ్‌ని అడిగాడు. ఓడెగార్డ్ పాటలు రాసుకుంటాడు, ఇల్లు గడవడానికి రైల్వేలో బ్రేక్స్‌మన్ పని. అతను క్రిస్ వెబర్‌ని అడిగాడు, అతనికి గిటార్ల షాపు. వెబర్ 1934 నాటి మార్టిన్ పట్టుకుని సౌండ్ 80 స్టూడియోకి వెళ్ళాడు, అమ్మకానికి. డిలన్ అతన్ని పక్కగదికి తీసుకెళ్ళి పాట నేర్పి, వెళ్ళి బ్యాండుకి చెప్పు అన్నాడు. గిటార్ అమ్ముకుందామని వచ్చినవాడు రికార్డులో వాయించి ఇంటికెళ్ళాడు! డ్రమ్స్ బిల్ బర్గ్, బేస్ బిల్లీ పీటర్సన్, కీబోర్డు గ్రెగ్ ఇన్‌హోఫర్, మాండలిన్‌కి పీటర్ ఆస్ట్రూష్కో. బర్గ్ తర్వాత డిస్నీలో బొమ్మలు గీసే పనికి వెళ్ళాడు.

"టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ" ముందు జి శ్రుతిలో వాయించారు. ఎలా ఉంది అని డిలన్ అడిగితే ఓడెగార్డ్ "పర్లేదు" అన్నాడట. బాబ్ డిలన్ మొహం మీద పర్లేదు! అని, జి నుంచి "ఏ" (A) శ్రుతికి పెంచితే గొంతు ఇంకా లేస్తుంది అన్నాడు. పెంచారు. మీరందరూ యాభై ఏళ్ళుగా వింటున్న ఆ ఎగిరే గొంతు, ఆ సలహా పుణ్యమే.

ఇంత చేస్తే కవరు మీద వీళ్ళ పేర్లు లేవు. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయి కాబట్టి.

ఆరుతీగలు (విశాఖ)
ఇక్కడ ఇంకో విడ్డూరం. కవరు మీద ఎరిక్ వైస్‌బర్గ్, డెలివరెన్స్ అని బ్యాండు పేరుంది. న్యూయార్క్‌లో మొదటిరోజు వాళ్ళంతా వచ్చారు, డిలన్ ఏ కార్డో చెప్పకుండా వాయించుకుంటూ పోయాడు, ఆ అలవాటులేని శ్రుతిలో అతని చేతులు చూసి పట్టుకోవడం వాళ్ళవల్ల కాలేదు. మర్నాటికి వాళ్ళలో బేస్ వాయించే టోనీ బ్రౌన్‌ని తప్ప ఎవర్నీ రమ్మనలేదు. పూర్తి బ్యాండు వినిపించేది "మీట్ మీ ఇన్ ద మార్నింగ్" ఒక్కదాంట్లోనే. ఒక్క పాటకి వాయించిన వాళ్ళ పేర్లు ఉన్నాయి, ఐదు పాటలకి వాయించిన వాళ్ళవి లేవు.

పాతక్యాసెట్టు (హైదరాబాద్)
శిలాఫలకాలన్నీ అంతేగా నాయనా. పేరు మంత్రిది, ఇటుకలు మోసింది ఎవరో.

తిట్లదండకం
ఇదిగో ఇది నాకు మండే విషయం. అచ్చయిపోయిందట! రెండోసారి అచ్చు వెయ్యలేదా? మూడోసారి? అమెరికాలో నంబర్ వన్‌కి వెళ్ళిన రికార్డు, ఎన్నిసార్లు వేసుంటారు? పీట్ హామిల్ కవరు మీద రాసిన వ్యాసానికి గ్రామీ ఇచ్చారు, వాయించిన వాళ్ళకి ఒక చిన్న లైను లేదు. మా నాన్న పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవాడు. వీడియోలో అర్ధగంట ఆయన వాయిద్యమే ఉంటుంది, మనిషి మాత్రం ఒక్క ఫ్రేములో కూడా ఉండడు. ఎవరికీ తప్పనిపించదు.

కవిత్వపుపిచ్చి (తెనాలి)
ఇన్ని రోజుల్లో నువ్వు రాసిన వాటిలో ఇది తిట్టు కాదు తమ్ముడూ. నాన్నగారి రికార్డింగులు ఏమైనా ఉన్నాయా?

తిట్లదండకం
రెండు క్యాసెట్లు ఉన్నాయి. ఒకటి ఫంగస్ పట్టింది.

పాతక్యాసెట్టు (హైదరాబాద్)
పారెయ్యకు. నాకు మెసేజ్ పెట్టు, ఫంగస్ శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చే మనిషి తెలుసు నాకు. టేపు ప్లేయర్లో మాత్రం పెట్టొద్దు, హెడ్ కూడా పాడవుతుంది.

జంటనగరాల_వాసి (మినియాపొలిస్)
తిట్లు గారూ మీతో నూటికి నూరు పాళ్ళు. ఓడెగార్డ్ చివరికి 2004లో ఆండీ గిల్‌తో కలిసి ఈ రికార్డింగ్ కథంతా పుస్తకంగా రాశాడు.

పోయినేడు జనవరిలో మా ఆవిడని ఒప్పించి ఆ స్టూడియో ఉన్న చోటికి తీసుకెళ్ళా. ఇప్పుడక్కడ ఆర్‌ఫీల్డ్ ల్యాబ్ అని శబ్దాన్ని పరీక్షించే సంస్థ ఉంది. ప్రపంచంలో అతి నిశ్శబ్దమైన చోటు అని గిన్నిస్‌కి ఎక్కిన గది ఆ భవనంలోనే ఉంది. ఇడియట్ విండ్ అరిచిన చోట! మేం లోపలికి వెళ్ళలేదు, బయట నిలబడి గోడ చూశాం, చలికి మా ఆవిడ కళ్ళలో నీళ్ళు. "దీనికోసమా" అంది. కార్లోకి వచ్చాక హీటర్ పెట్టి "ఇఫ్ యూ సీ హర్, సే హలో" వేశా. రెండుసార్లు విన్నది, ఏమీ అనలేదు.

కవిత్వపుపిచ్చి (తెనాలి)
ఆ పాటలో కూడా దిద్దుబాటు ఉంది. న్యూయార్క్‌లో ఆవిడతో ఇప్పుడున్న మగవాణ్ణి ఉద్దేశించి ఉన్న లైను బాగా సూటిగా ఉంటుంది. మినియాపొలిస్‌లో దాన్ని, దగ్గరికి వెళ్తే నా తరఫున ఒక ముద్దు పెట్టు అన్న దగ్గరికి మెత్తబరిచాడు. ఒక పాటలో కోపం పెంచాడు, ఇంకో పాటలో తగ్గించాడు. అందుకే న్యూయార్క్‌ది నిజం, మినియాపొలిస్‌ది నటన అనేవాళ్ళతో నాకు పొత్తు కుదరదు. మూడు నెలల్లో మనిషి మారతాడు, అంతే.

రాత్రిపూట_రేడియో (విజయవాడ)
మరి నేను ఏ వరసలో వినాలి? 2018 పెట్టె ఆరు సీడీలట, అంత ఓపిక ఉంటుందా తెలీదు.

ఆరుతీగలు (విశాఖ)
ఆరు సీడీలు మాలాంటి వాళ్ళకి. ఒకే పాట ఎనిమిదిసార్లు వినాలి. పైగా అందులో మినియాపొలిస్‌వి ఆ ఐదే, మిగతా టేకులు మిగల్లేదు. నువ్వు ముందు 1975 ఆల్బమ్ బాగా నమిలెయ్యి. తర్వాత ఒక్క సీడీ వెర్షన్ ఉంది, అది చాలు. "అప్ టు మీ" మాత్రం వదలకు, ఇదే సెషన్లలో చేసి పక్కన పెట్టేశాడు, 1985లో గానీ బయటికి రాలేదు.

పాతక్యాసెట్టు (హైదరాబాద్)
"లిలీ, రోజ్‌మేరీ" పాట దగ్గర లేచి టీ పెట్టుకోవచ్చు. దాదాపు తొమ్మిది నిమిషాలు, బుర్రకథకి తక్కువ సినిమాకి ఎక్కువ. నాకెప్పుడూ పట్టలేదు.

జంటనగరాల_వాసి (మినియాపొలిస్)
సార్ దాని జోలికి రావద్దు, మా డ్రమ్మర్ ఊపు చూడండి అందులో!!

తిట్లదండకం
ఇడియట్ విండ్ రెండూ విన్నాను. న్యూయార్క్‌ది. అంతకంటే ఏమీ రాయను.

రాత్రిపూట_రేడియో (విజయవాడ)
అప్‌డేట్. నిన్న రాత్రి కూర్చున్నా. ఆరుతీగలు అన్న చెప్పిన శ్రుతి ఫోన్లో వెతుక్కోవడానికి బద్ధకించి ఒక వీడియో చూసి ఓపెన్ ఈ పెట్టేశా. ఐదోది బిగించా, బాగుంది. నాలుగో తీగ టప్పుమని తెగి మణికట్టు మీద కొట్టింది, ఎర్రగా గీత పడింది. పొద్దున షాపుకెళ్తే ఒక్క తీగ అమ్మం, సెట్టు కొనాలన్నాడు, 450 అయింది. ఇప్పుడు మధ్యాహ్నం నుంచి ఓపెన్ డిలోనే ఉన్నా. ఏమీ నొక్కకుండా ఊరికే మీటుతుంటే మా అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, ఇన్నాళ్ళకి శ్రుతి చేసుకున్నావురా అంది.

ఆరుతీగలు (విశాఖ)
చెప్పానా లేదా. కేపో కొన్నావా?